నవ్వే బొమ్మ మీద వేలు

పరుపుల కొట్లో పిల్ల పడిపోయిందని ఫోను వచ్చినప్పుడు అంబులెన్సు డ్రైవరు బాబాయికి నవ్వాగలేదు.

"పరుపుల కొట్లో పడితే దెబ్బ తగలడమేంటమ్మాయ్! చెరువులో మునిగి దాహంతో పోయినట్టుంది," అన్నాడు బండి తాళం తిప్పుతూ. అనేశాక, పడింది ఆరేళ్ళ పిల్ల అన్న మాట అప్పుడు చెవికెక్కి, నాలిక కరుచుకున్నాడు.

నర్సు నవ్వలేదు. పిల్లల కోసం ఫోను వచ్చినప్పుడల్లా ఆమె అరచేతులు చల్లబడతాయి. ఆ అంబులెన్సులో తొమ్మిదేళ్ళ నుంచి పనిచేస్తోంది. గుండెపోటు వచ్చినవాళ్ళని చూసింది, లారీ కింద నలిగినవాళ్ళని చూసింది. పెద్దవాళ్ళు "అబ్బా" అనగానే నొప్పి తగ్గే మందు ఎక్కించడానికి ఆమె చెయ్యి తడబడదు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి అదే చెయ్యి కట్టేసినట్టయిపోతుంది. పూచికపుల్లంత ఒళ్ళు, పిడికెడు ఊపిరి. మందు ఒక బొట్టు ఎక్కువైతే?

ఆమెకు పని నేర్పిన పెద్ద నర్సు మొదటి వారంలోనే ఒక మాట చెప్పింది. "పిల్లాడు ఏడుస్తున్నాడంటే ఊపిరి బాగా ఆడుతోందని అర్థం. సంతోషించు. తీసుకెళ్ళి ఆస్పత్రిలో అప్పజెప్పు." తొమ్మిదేళ్ళు ఆ మాట వేదంలా పాటించింది. కిందటి వానాకాలం వేణ్ణీళ్ళు మీద పడిన ఒక పిల్లాణ్ణి ఎక్కించుకున్నారు. కాలిన చోట చల్లటి నీళ్ళు పోసింది, శుభ్రమైన గుడ్డ కప్పింది, అన్నీ సరిగ్గానే చేసింది. ఆస్పత్రి చేరడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై రెండు నిమిషాలూ ఆమె పిల్లాడి మొహం చూడలేక గడియారం చూస్తూ కూర్చుంది.

రెండు నెలల కిందట అందరికీ ఒక రోజు శిక్షణ ఇచ్చి, తలా ఒక డబ్బా చేతిలో పెట్టారు. అందులో ఉన్నది పిల్లల నొప్పికి మందు. సూది గుచ్చే పని లేదు. మెత్తటి మూతి ఉన్న చిన్న గొట్టంతో ముక్కులోకి చిమ్మితే మంచులా లోపలికి పోతుంది. నాలుగైదు నిమిషాల్లో పట్టుకుంటుంది. ఆ డబ్బా ఆమె సంచి అడుగు అరలో సీలు విప్పకుండా అలాగే పడుంది.

మబ్బు పట్టిన మధ్యాహ్నం అది. ఎండా కాదు, నీడా కాదు, వీధులన్నీ పాలు కలిపిన నీళ్ళలో మునిగినట్టున్నాయి. బాబాయి బండిని మలుపుల్లో మెల్లగా తిప్పాడు. తోటి డ్రైవర్లు ఆయనకు నత్త అని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదులాగే మోసేవాడు. "గుండె ఆగినవాడి కోసం గుర్రంలా తోల్తాను. ఎముక విరిగినవాడి కోసం నత్తలా తోల్తాను. మీకు ఒకటే చేతనవును," అనేవాడు వాళ్ళతో.

పరుపుల కొట్టు అంటే పొడుగాటి రేకుల షెడ్డు. దూది ఏకే యంత్రం ఆపేసి ఎంతసేపయిందో గాని, గాలిలో నూగు ఇంకా దిగుతూనే ఉంది. కప్పులో రెండు చోట్ల గాజు పలకలు బిగించారు. వాటిలోంచి పడే వెలుతురులో ఆ నూగు తొందరేమీ లేనట్టు, కింద నేల ఉందో లేదో తెలియనట్టు తేలుతోంది. బయటి వీధి చప్పుడంతా ఆ మెత్తదనంలో ఇంకిపోయి, లోపల మాట్లాడితే ఎవరి గొంతు వాళ్ళకే దూరంగా వినపడుతుంది. నర్సు గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది, నిద్రలోకి అడుగు పెడుతున్నట్టనిపించి.

కప్పును తాకేలా పేర్చిన పరుపుల దొంతర కింద, సిమెంటు నేల మీద పిల్ల కూర్చుని ఉంది. ఎడమ చేతిని కుడి చేత్తో పొట్టకి అదుముకుంది. పక్కన గొంతుక్కూచున్న తండ్రి మీసాల మీదా కనుబొమల మీదా దూది. వెనక దబ్బనం చేతిలోనే పట్టుకుని నిలబడ్డ నానమ్మ.

"పైనుంచి దూకింది సిస్టర్," అన్నాడు తండ్రి. "రోజూ దూకుతుంది. రోజూ కింద ఒక పెద్ద పరుపుంటుంది. పొద్దున ఆర్డరు వస్తే అది పంపించేశాను. దీనికి చెప్పడం..." గొంతు సవరించుకున్నాడు. వెంటనే మొహం వెలిగించుకుని, "కానీ ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు! మా పిచ్చుక గట్టిది. పడ్డ చోట అలాగే కూర్చుంది. కదూ పిచ్చుకా?"

పిచ్చుక తల ఆడించింది.

నర్సు ఎదురుగా కూర్చుంది. మోచేతికి పైన వాచి, చెయ్యి తిరగకూడని వంపు తిరిగి ఉంది. ముందు వేళ్ళు తాకి చూసింది. వెచ్చగానే ఉన్నాయి. మణికట్టు దగ్గర నాడి అందింది. "బొటనవేలూ చూపుడువేలూ కలిపి నాకో సున్నా చుట్టి చూపిస్తావా?" అంది. పిల్ల మెల్లిగా చుట్టింది. నరం బాగానే ఉంది, రక్తం బాగానే ఆడుతోంది. ఎముక మాత్రం విరిగింది.

నర్సు సంచిలోంచి అట్ట తీసింది. దాని మీద వరసగా ఆరు మొహాలు. మొదటిది హాయిగా నవ్వుతుంటుంది, చివరిది వెక్కివెక్కి ఏడుస్తుంటుంది. వాటి కింద సున్నా నుంచి పది దాకా అంకెలు.

"ఏ బొమ్మో చూపించు తల్లీ."

పిల్ల ఆరింటినీ జాగ్రత్తగా చూసింది. విరిగిన చేతిని ఒక్క క్షణం వదిలి, నవ్వే బొమ్మ మీద వేలు పెట్టింది.

"చూశారా!" అన్నాడు తండ్రి. ఆ గొంతులో గర్వమూ ఉంది, ఊరటా ఉంది.

మందు ఇవ్వాలంటే ఫోనులో డాక్టరుని అడగాలి. నర్సు ఫోను కలిపి, దెబ్బ సంగతి చెప్పింది.

"నొప్పి ఎంత చెప్పింది?" అన్నాడు డాక్టరు.

"సున్నా చూపించింది సార్."

"సున్నా అయితే ఇంకేం? చేతికి ఆసరా కట్టి తెచ్చెయ్యండి. పావుగంట దూరమేగా."

"అలాగే సార్" అనేస్తే అయిపోయేది. డబ్బా సీలు విప్పే పని తప్పేది. తప్పు తన మీద పడేదీ కాదు. ఆ రెండు మాటలూ నాలిక చివరిదాకా వచ్చాయి. కానీ అప్పటికే ఆమె కళ్ళు పిల్ల కాళ్ళ మీద పడ్డాయి. పది కాలివేళ్ళూ ముడుచుకుపోయి, నేలని పట్టుకుని వేలాడుతున్నట్టున్నాయి. పై పెదవి మీద చెమట ముత్యాలు. పిల్ల ఊపిరి పైపైనే తీస్తోంది, లోతుగా తీస్తే ఏదో ఒలికిపోతుందన్నట్టు. గాలిలోంచి ఒక దూది పోగు వచ్చి కనురెప్ప మీద వాలినా రెప్ప కొట్టలేదు.

"ఒక్క నిమిషం సార్," అంది నర్సు. అట్ట మళ్ళీ పిల్ల ముందు పెట్టింది. "ఈ బొమ్మే ఎందుకు చూపించావమ్మా?"

పిల్ల తండ్రి వంక ఒకసారి చూసి, గుసగుసగా అంది. "అది బాగుంది. నాకు అదే కావాలి."

తండ్రి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"సార్," అంది నర్సు ఫోనులో. "పాప తన మొహం చూపించలేదు. తనకి కావలసిన మొహం చూపించింది. నాడి నూటయాభై కొడుతోంది. చెమట పట్టింది. కాళ్ళు బిగుసుకుపోయాయి. నేను చూసినంత మటుకు ఇది తొమ్మిదికి తక్కువ కాదు. పైగా దారిలో రైలు గేటుంది."



"బరువెంత?" అన్నాడు డాక్టరు.

మందు కొలత బరువుని బట్టే ఉంటుంది. నర్సు తండ్రి వైపు చూసింది. ఆయన ఇంకా తేరుకోలేదు. నానమ్మే అందుకుంది. "పద్దెనిమిది కిలోలమ్మా. మొన్న ఆదివారమేగా దూది కాటా మీద కూర్చోబెట్టి తూచాం. 'నేను ఎన్ని దిళ్ళవుతాను నానమ్మా' అని ప్రాణం తీస్తే."

డాక్టరు కొలత చెప్పాడు. నర్సు తిరిగి చదివి వినిపించింది. ఆయన సరేనన్నాడు.

అప్పుడు తండ్రికి మాట వచ్చింది. "మత్తుమందా సిస్టర్? పసిది. బుర్రకేమైనా అయితే? అలవాటు పడిపోతేనో? కాసేపేగా, ఓర్చుకుంటుంది. మా ఇంట్లో అందరం గట్టివాళ్ళమే..."

"నోరు ముయ్యరా," అంది నానమ్మ. "నీ పన్ను పీకించిన రోజు ఇల్లు పీకి పందిరేశావు. వీధి వీధంతా పోగయింది. అప్పుడు నీకు ముప్పైయేళ్ళు. నాకీ దబ్బనం వేలికి గుచ్చుకుంటేనే కళ్ళు తిరుగుతాయి, దానికి ఎముకే విరిగిందట! నువ్వియ్యమ్మా."

నర్సు తండ్రితో మెల్లిగా చెప్పింది. "ఒక్కసారి ఇస్తే అలవాటు కాదండీ. నిద్రమత్తుగా ఉంటుంది, అంతే. నేను పక్కనే కూర్చుని ప్రతి ఊపిరీ లెక్కపెడతాను. మీరు వద్దంటే ఇవ్వను."

ఆయన పిల్ల కాలివేళ్ళ వంక చూశాడు. ఇప్పుడు ఆయనకీ కనిపించాయి. "ఇవ్వండి," అన్నాడు.

స్ట్రెచరు తెచ్చిన బాబాయి పక్కన వంగినప్పుడు, నర్సు ఆయనకు మాత్రమే వినపడేలా, "ఇదే మొదటిసారి బాబాయ్," అంది.

"నేనూ ఒక రోజు మొదటిసారి స్టీరింగు పట్టుకున్నవాణ్ణే. ఆ రోజు ఎదురొచ్చినవాళ్ళందరూ ఇంకా బతికే ఉన్నారు," అన్నాడాయన, అంతే మెల్లిగా.

సీలు విప్పింది. కొలిచింది. మరోసారి వెలుతురుకి పట్టి కొలిచింది. "పిచ్చుకా, ముక్కులో మంచు పడుతుంది. కొంచెం చేదుగా గొంతులోకి దిగుతుంది. సూది లేదు, నిజం," అని ఒక్కో ముక్కులో సగం చొప్పున చిమ్మింది. పిల్ల మొహం చిట్లించింది, తుమ్మబోయి తుమ్మలేదు. నోరు చేదు పోవడానికి పంచదార నీళ్ళు తెస్తానని నానమ్మ కదలబోయింది. "ఇప్పుడు ఏమీ పట్టకూడదు పెద్దమ్మా. ఎముక సరిచెయ్యడానికి నిద్రపుచ్చుతారేమో, కడుపు ఖాళీగా ఉండాలి," అని నర్సు ఆపింది.

ఇక కదపకుండా ఆగాలి. ఆ నాలుగైదు నిమిషాలు ఎలా గడుస్తాయోనని నర్సు భయపడింది. పిల్ల వేలికి రక్తంలో ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించి, గాలిలో తేలుతున్న దూది పోగు ఒకటి పట్టి అరచేతిలో పెట్టుకుంది. "దీన్ని కింద పడనివ్వకుండా ఊదగలవా? మెల్లిగా. గట్టిగా ఊదితే పారిపోతుంది."

పిల్ల ఊదింది. పోగు లేచింది. నర్సు అటునుంచి ఊదింది. అది ఇద్దరి మధ్యా వెలుతురులో ఊగింది. ఊదాలంటే లోపలికి గాలి పీల్చాలి కదా, పిల్ల ఊపిరి కొద్దికొద్దిగా లోతుకి దిగడం మొదలుపెట్టింది. ఆరో ఏడో సార్లయ్యాక పోగు నేల మీద వాలింది. ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు. కాలివేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి, తెల్లారుతుంటే పువ్వులు విడినట్టు.

"నొప్పి ఉందా ఇంకా?"

పిల్ల ఆలోచించింది. కళ్ళు సగం వాలాయి. "ఉంది," అంది. "కానీ వేరేవాళ్ళింట్లో ఉంది."

నానమ్మ తన చేత్తో కుట్టిన చిన్న దిండొకటి ఇచ్చింది. చెయ్యి ఎలా ఉందో అలాగే, నర్సు దాన్ని దిండు మీద ఆనించి పట్టీలతో చుట్టింది. పిల్ల మూలగలేదు. కానీ కట్టు పూర్తయ్యాక పెదవి వంకర తిరిగింది, గడ్డం వణికింది. అప్పుడు మొదలైంది ఏడుపు. కేకలు కావు. లోపల ఎక్కడో కుళాయి విప్పినట్టు, ఆగకుండా, చప్పుడు లేకుండా కన్నీళ్ళు.

తండ్రి బెదిరిపోయాడు. "ఇదేంటి సిస్టర్, మందు పని చెయ్యలేదా?"

"చేసింది. ఇందాకటిదాకా ఏడవడానికి కూడా వీల్లేకపోయిందండీ దానికి. ఏడిస్తే ఒళ్ళు కదులుతుంది, కదిలితే చెయ్యి కదులుతుంది. ఇప్పుడు వీలైంది."

నానమ్మ కొట్టు మూసి, పిల్ల తల్లికి కబురు పంపడానికి ఉండిపోయింది. తండ్రి బండి ఎక్కాడు. సైరన్ వెయ్యలేదు. ఆ మోత పిల్లలకి నొప్పిని రెట్టింపు చేస్తుందని బాబాయికి ఎవరూ నేర్పలేదు, ఆయనకే తెలుసు. గుంత వచ్చినప్పుడల్లా ముందే "గుంతమ్మా" అని చెప్పి, బండిని దాంట్లోకి దించి, ఊయలలా పైకి తెచ్చాడు.

అనుకున్నట్టే రైలు గేటు పడింది. సరుకు రవాణా బండి. ఇంజను పోయాక ఒకదాని వెనక ఒకటి పెట్టెలు, తుప్పు రంగువీ, బూడిద రంగువీ. ధడక్ ధడక్ మని ఆ చప్పుడు నేలలోంచి చక్రాల్లోకి, చక్రాల్లోంచి పడకలోకి వచ్చి పిల్లని జోకొట్టసాగింది. అద్దం పైభాగంలోంచి వెలుగూ నీడా, వెలుగూ నీడా పిల్ల మొహం మీదుగా దాటిపోతున్నాయి. నర్సుకి కూడా ఆ కాసేపు బండి ఆగిందో, తామే వెనక్కి సాగిపోతున్నామో తెలియలేదు. ప్రపంచమంతా ఆ గేటు ఇవతల ఊపిరి బిగబట్టి నిలబడినట్టుంది.

"నాన్నా," అంది పిల్ల కళ్ళు మూసుకునే. "మనం ఎక్కిన మేఘం ఎవరు కుట్టారు?"

తండ్రి నర్సు వంక దిక్కుతోచక చూశాడు. "నానమ్మ," అన్నాడు చివరికి.

"బాగా కుట్టింది," అని పిల్ల ఊరుకుంది.

తండ్రి ముందుకి వంగాడు. "నిద్రపోయిందా? సిస్టర్, పడుకుందా, లేకపోతే..."

నర్సు భయపడిన క్షణం ఇదే. ఛాతీ మీద చూపు నిలిపింది. లేస్తోంది, దిగుతోంది. గడియారం పెట్టుకుని లెక్కపెట్టింది. నిమిషానికి ఇరవై. క్లిప్పు మీద అంకె తొంభై తొమ్మిది దగ్గర స్థిరంగా ఉంది. భుజం మీద వేలితో తట్టి, "పిచ్చుకా," అంది. పిల్ల కళ్ళు తెరిచి, "ఊఁ" అని మళ్ళీ మూసుకుంది. నర్సు అప్పుడు గాని తను ఊపిరి వదల్లేదు. గడియారం మీంచి చూపు తీసి పిల్ల మొహం చూసింది. కనుబొమల మధ్య ముడత విడిపోయి ఉంది. ఎంతసేపు చూసినా చూడబుద్ధవుతోంది.

గేటు లేచింది.

ఆస్పత్రిలో ఎక్సరే తీశారు. ఎముక పక్కకి జరిగింది, నిద్రపుచ్చి సరిచేసి, మళ్ళీ జరగకుండా రెండు సన్నటి తీగలు వెయ్యాలన్నారు. పిల్లని లోపలికి తీసుకెళ్ళారు. నర్సు కాగితాలన్నీ అప్పజెప్పి బయటికి వచ్చేసరికి తండ్రి వరండాలో బల్ల మీద కాకుండా, బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు.

"కిందటి నెల చెవి పట్టుకుని రెండు రోజులు అన్నం తినలేదు సిస్టర్," అన్నాడు తలెత్తకుండా. "అలిగిందనుకున్నాను. బుజ్జగించాను, కసిరాను, చివరికి బొమ్మ కొనిచ్చాను. ఇలాంటివి ఎన్ని మింగిందో. ఏడవకపోతే నేను మెచ్చుకుంటాను కదా. మెప్పు కోసం..." మాట పూర్తి కాలేదు. దూది అంటిన మీసం తడిసింది. మనిషి పెద్దగా, నామోషీ లేకుండా ఏడ్చాడు.

తనూ తొమ్మిదేళ్ళు పిల్లల నొప్పిని అలాగే దాటేసిందని చెప్పుకోవడం నర్సుకి సిగ్గనిపించింది. అయినా పక్కన కూర్చుని చెప్పింది. వేణ్ణీళ్ళు పడిన పిల్లాడి సంగతి చెప్పింది, గడియారం సంగతీ చెప్పింది. ఆయన ఓదార్చనూ లేదు, తప్పు పట్టనూ లేదు. విన్నాడు. ఆ పూట ఆమెకి అదే చాలనిపించింది.

బాబాయి హారను రెండుసార్లు కొట్టాడు. ఇంకెక్కడో ఎవరికో ఆయాసం. ఆమె లేచి వెళ్ళింది.

మర్నాడు డ్యూటీ ఎక్కే ముందు పిల్లల వార్డుకి వెళ్ళింది. మెట్ల దగ్గరికే పిచ్చుక గొంతు వినిపిస్తోంది. సిమెంటు కట్టు లోపల దురదగా ఉందట. పక్క మంచం వాళ్ళ బిస్కట్లు తనకీ కావాలట. దుప్పటి గుచ్చుకుంటోందట. తల్లి మంచం పట్టె మీద కూర్చుని నవ్వుతోంది. తండ్రి నిలబడే ఉన్నాడు, పిలుపు కోసం కాచుకున్నవాడిలా.

"రాత్రి నుంచీ ఒకటే గోల సిస్టర్," అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నట్టు అన్నాడు గాని, మొహంలో ఫిర్యాదు లేదు.

నర్సు మంచం దగ్గర నిలబడింది. పిల్ల ఆమెని కింద నుంచి పైదాకా చూసింది.

"మీరెవరు?"

"నిన్న నీతో పాటు బండిలో వచ్చాను కదా."

"బండిలో రాలేదు," అంది పిల్ల, ఎదుటి మనిషి తెలివితక్కువతనానికి జాలిపడుతూ. "నాన్నా నేనూ మేఘం మీద వచ్చాం. మీరు లేరు."

"అయితే ఇంకెవరినో అనుకుని ఉంటాను," అంది నర్సు.

"నాన్నా, ఇక్కడ నొప్పి," అంది పిల్ల, అప్పటికే ఆమెని మరిచిపోయి. "మోచేతి దగ్గర. నిన్నటంత కాదు. మధ్యరకం."

తండ్రి వంగి, ఎక్కడో సరిగ్గా చూపించమన్నాడు. చూపించాక, వార్డు సిస్టర్ని పిలవడానికి పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్ళాడు.